పన్ను కదిలిన విధము

అన్నంలో చిన్న రాయి తగిలితే మనకు తెలియడానికి ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు కూడా పట్టదు. ఇసుక రేణువంత రాయే అయినా చటుక్కున నమలడం ఆపేస్తాము. పన్ను పైనున్న ఎనామెల్ చూడబోతే రాయిలాగా గట్టిగా ఉంటుంది. దానిలో నరాలు లేవు, దానికి స్పర్శ తెలియదు. మరి రాయి తగిలిన సంగతి మెదడుకు మోసుకుపోయినది ఎవరు? ముఖ్యంగా పంటి వేరుకూ దవడ ఎముకకూ నడుమ ఉన్న ఒక సన్నని పొర. ఆ పొరలోని నరాల కొసలు ఎంతో కొద్దిపాటి ఒత్తిడిని కూడా పసిగట్టగలవు.

ఆ పొర పేరు పెరియోడాంటల్ లిగమెంట్. నేను ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు పళ్ళు తోముకోవడం గురించి చెబుతున్నాను. ఈ పొర సంగతి మాత్రం మా అమ్మాయికి పళ్ళకు క్లిప్పులు వేయించిన రోజుల్లో, డాక్టరు గారి నోట విని తెలుసుకున్నాను. పిల్లలున్న ఇంటికీ, పళ్ళు ఊడిన పెద్దలున్న ఇంటికీ పనికివచ్చే విషయం గనుక మీతో పంచుకోవాలనిపించింది.

మా అమ్మాయికి పై వరుసలో ముందు పళ్ళు ఎత్తుగా వచ్చాయి. పదమూడో ఏడు వచ్చేసరికి బడిలో పిల్లలు పెట్టిన పేరొకటి ఆమెకు అంటుకుపోయింది. ఆ పేరు ఇక్కడ వ్రాయను. నవ్వు వస్తే చేయి నోటికి అడ్డం పెట్టుకునేది. తరగతిలో జవాబు తెలిసినా లేచి చెప్పేది కాదు. ఆదివారం పాటలు పాడే పిల్లల్లో ముందు వరుసలో నిలబడే బిడ్డ వెనుక వరుసకు వెళ్ళింది. కొన్నాళ్ళకు అదీ మాని నా ప్రక్కన వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక రాత్రి, "అమ్మా, ఈ పళ్ళు పీకించేద్దాం. నాయనమ్మలాగా కట్టుడు పళ్ళు పెట్టించుకుంటాను" అన్నది. ఆ మాట విన్న రాత్రి నాకూ మావారికీ నిద్ర లేదు. ధాన్యం అమ్మిన డబ్బులో కొంత తీసి, పట్టణంలో పళ్ళ డాక్టరుకు చూపించాలని నిశ్చయించుకున్నాము.

మా అత్తగారు ఒప్పుకోలేదు. "దేవుడిచ్చిన పళ్ళమ్మాయ్ అవి. ఎముకలో నాటుకున్నవాటిని తీగ కట్టి లాగితే ఊడిపోవా? పాకకు పాతిన గుంజను రోజూ ఊపుతూ ఉంటే ఏమవుతుంది?" అన్నారు.

ఆమె అడిగినది తీసివేయదగిన ప్రశ్న కాదు. గుంజను ఊపితే చుట్టూ ఉన్న మట్టి ప్రక్కకు జరిగి గుంత వదులవుతుంది. పన్నూ అలాంటిదే అయితే ఊడిపోవలసిందే. కాబట్టి డాక్టరు గారిని నేను మొదట అడిగినది ఆ ప్రశ్నే. ఆమె నవ్వి, కాగితం మీద పన్ను బొమ్మ గీసి, "అమ్మా, పన్ను గుంజలాగా పాతి ఉండదు. నులక మంచంలాగా కట్టి ఉంటుంది" అన్నారు.

నులక మంచం వంటి కట్టు

పంటి వేరు ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. రెంటికీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. అంటే రెండు మూడు తలవెంట్రుకలు ప్రక్క ప్రక్కన పెట్టినంత. ఆ సందు నిండా కొల్లాజెన్ అనే పదార్థంతో చేసిన సన్నని పోగులు ఉంటాయి. ప్రతి కట్టకూ ఒక కొస వేరు మీదనున్న సిమెంటం అనే పొరలోను, మరొక కొస ఎముకలోను నాటుకొని ఉంటుంది. మంచం మీద మనిషి కూర్చున్నప్పుడు నులక సాగి, పట్టెలను లోపలికి లాగుతుంది గదా. మనం నమిలినప్పుడు పంటి మీద పడిన బరువు కూడా అలాగే ఈ పోగుల ద్వారా ఎముకకు చేరుతుంది.

పోగుల నడుమ సన్నని రక్తనాళాలు, కొంత ద్రవము, నరాల కొసలు, జీవకణాలు ఉంటాయి. కణాలలో ఎక్కువ భాగం ఫైబ్రోబ్లాస్టులు. ఇవి నులక అల్లేవారి వంటివి. పాత పోగులను తీసివేసి కొత్తవి అల్లుతూనే ఉంటాయి. ఎముక వైపున ఆస్టియోబ్లాస్టులు ఉంటాయి. ఇవి ఎముకను కట్టే తాపీ మేస్త్రీలు. ఎముకను కరిగించి తొలగించే కణాలు వేరే ఉన్నాయి, వాటిని ఆస్టియోక్లాస్టులు అంటారు. రక్తంతో వచ్చిన కణాల నుండి, అవసరమైన చోట ఇవి తయారవుతాయి. ఈ పొరలో మూలకణాలు కూడా ఉన్నాయని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఇప్పుడు తీగ పన్నును నెమ్మదిగా వెనుకకు నెడుతున్నదనుకోండి. వెనుక వైపున పొర నలుగుతుంది. ముందు వైపున పోగులు సాగుతాయి. పోగులను పట్టుకొని ఉన్న కణాలకు ఆ నలుగుడూ, ఆ సాగుడూ తెలుస్తాయి. తమ ఆకారంలో వచ్చిన మార్పును అవి రసాయన కబురుగా మార్చుతాయి. నలిగిన వైపు కణాలు ప్రోస్టాగ్లాండిన్లను, ర్యాంక్‌ఎల్ అనే మాంసకృత్తును ఎక్కువగా విడుదల చేస్తాయి. ఆ కబురు అందుకొని ఆస్టియోక్లాస్టులు తయారై, అడ్డుగా ఉన్న ఎముకను కరిగిస్తాయి. సాగిన వైపున ఆ పనికి అడ్డుపడే ఆస్టియోప్రొటెజెరిన్ పెరుగుతుంది. అక్కడ మేస్త్రీలు కొత్త ఎముక కడతారు. ఆస్టియోప్రొటెజెరిన్ సంగతి 1997లో, ర్యాంక్‌ఎల్ సంగతి 1998లో శాస్త్రజ్ఞులు బయటపెట్టారు.

అంటే ఒక వైపు గోడ తీస్తూ, రెండో వైపు గోడ కడుతూ పోతారన్నమాట. గుంజ ఒక్కటే జరిగితే గుంత వదులవుతుంది. ఇక్కడ గుంత కూడా గుంజతోపాటే నడుస్తుంది. క్లిప్పులు వేసిన రోజుల్లో పన్ను కొద్దిగా కదులుతున్నట్లు అనిపించినా, పని ముగిసిన తరువాత మళ్ళీ బిగుసుకోవడానికి కారణం ఇదే. తీగ చేసేది నెట్టడం మాత్రమే, అసలు పనివారు కణాలే. ఇంటికి వచ్చి ఈ సంగతి అత్తగారికి వివరించాను. "సరే, ఆ కూలీల సంగతేదో చూద్దాం" అన్నారు. అంతటితో మాకు అనుమతి దొరికింది.

బరువు ఎంత ఉండాలి?

పన్నును నెడితే కదులుతుందన్న సంగతి పూర్వులకూ తెలుసు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోము దేశపు రచయిత సెల్సస్, పాలపన్ను ఊడకముందే కొత్త పన్ను వస్తే, పాలపన్నును తీసివేసి కొత్తదానిని రోజూ వ్రేలితో దాని చోటికి నెట్టుతూ ఉండాలని వ్రాశాడు. ఎందుకు కదులుతుందో మాత్రం ఆ కాలంలో తెలియదు. స్వీడన్ దేశపు దంతవైద్యుడు కార్ల్ శాండ్‌స్టెట్ కుక్కల పళ్ళకు తీగలు కట్టి, తరువాత ఆ దవడ ఎముకను సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. 1904, 1905 సంవత్సరాలలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నలిగిన వైపు ఎముక కరగడం, సాగిన వైపు కొత్త ఎముక పుట్టడం ఆయన చూశాడు. మరొక సంగతి కూడా చూశాడు. ఒత్తిడి మరీ ఎక్కువైన చోట పొరలో జీవం కనబడలేదు, అద్దం ముక్కలాగా ఉంది.

ఈ సంగతి మా ఇంట్లోనే మాకు అవసరపడింది. క్లిప్పులు వేసిన నెలకు మా ఆడపడుచు పెళ్ళి నిశ్చయమైంది. ముహూర్తానికి ఐదు నెలలు ఉంది. మా అమ్మాయి డాక్టరు గారి చేయి పట్టుకొని, "తీగ గట్టిగా బిగించండి మేడమ్, ఎంత నొప్పి అయినా ఓర్చుకుంటాను. అత్త పెళ్ళికి పళ్ళు సరిగా ఉండాలి" అని బ్రతిమాలింది. ఇంకొక చోట ఆరు నెలల్లో పూర్తి చేసేస్తారని బంధువులు కూడా చెప్పారు. నెలనెలా బస్సు ఖర్చులు, నా సెలవులు తలచుకొని మావారు కూడా కొంచెం ఊగిసలాడారు.

డాక్టరు గారు అమ్మాయి ప్రక్కన కూర్చొని, "నొప్పి నువ్వు ఓర్చుకుంటావు తల్లీ, లోపల కణాలు ఓర్చుకోవు" అన్నారు.

ఆమె చెప్పినది ఇది. పొర నలిగినప్పుడు దానిలోని సన్నని రక్తనాళాలు కూడా నలుగుతాయి. బరువు తక్కువైతే రక్తం ఎంతోకొంత నడుస్తూ ఉంటుంది, కణాలు బ్రతికి పని చేస్తాయి. బరువు మించితే రక్తం ఆగిపోతుంది, ఆ చోట కణాలు చనిపోతాయి. కబురు పంపేవారే లేకపోతే ఎముకను తీసేవారు రారు. అప్పుడు దూరంగా, ఎముక లోపలి వైపు నుండి ఆస్టియోక్లాస్టులు తవ్వుకుంటూ రావాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు పన్ను అక్కడే నిలిచిపోతుంది. పైగా వేరు కొసలు కరిగి పొట్టిబడే ప్రమాదం పెరుగుతుంది. తొందరపడి గట్టిగా లాగినందువల్ల త్వరగా కదలదు సరిగదా, ఆలస్యమూ నష్టమూ రెండూ కలుగుతాయి. సన్నని రక్తనాళాలలోని రక్తపు ఒత్తిడిని మించకుండా నెట్టాలని ఎ. ఎం. ష్వార్జ్ అనే దంతవైద్యుడు 1932లోనే వ్రాశాడు.

ముందు పన్నును వెనుకకు వాల్చడానికి 35 నుండి 60 గ్రాముల వరకు బలం చాలట. అంటే ఇంచుమించు ఒక కోడిగుడ్డు బరువు. ఆ బరువుతో పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు కదులుతుంది. ఈ మాట వింటే ఎవరికైనా నిరుత్సాహం కలుగుతుంది. మా అమ్మాయికి కళ్ళనీళ్ళు వచ్చాయి. అయినా తలూపింది. పెళ్ళికి తీగతోనే వెళ్ళింది. ఫోటోల్లో ఎక్కడా నవ్వలేదు.

చెరుకు గడ, బొటనవ్రేలు

నాకు ఒక సందేహం మిగిలింది. గుడ్డు బరువుకే పన్ను కదిలేటట్లయితే, చెరుకు గడను పళ్ళతో చీల్చే పిల్లల పళ్ళు ఎందుకు కదిలిపోవడం లేదు? అప్పుడు పడే బలం కిలోల లెక్కన ఉంటుంది గదా!

దీనికి జవాబు కాలంలో ఉన్నది. నమిలేటప్పుడు ఒక్కొక్క ఒత్తిడి ఒక సెకను కూడా ఉండదు. పొరలోని ద్రవం ఆ దెబ్బను మెత్తలాగా కాచుకుంటుంది. వెంటనే ఒత్తిడి తీరిపోతుంది. కణాలు ఎముకను మార్చాలంటే ఒత్తిడి తేలికైనదైనా గంటల తరబడి విడువకుండా ఉండాలి. రోజుకు సుమారు ఆరు గంటలకు తక్కువైతే పన్ను అంతగా కదలదని వైద్యులు లెక్క వేస్తారు. అందుకే చెరుకు తినే పిల్లవాడి పళ్ళు ఉన్నచోటే ఉంటాయి. రాత్రంతా బొటనవ్రేలు నోట్లో పెట్టుకొని పడుకునే పిల్ల పళ్ళు ముందుకు వస్తాయి. ఆ వ్రేలి బలం చాలా తక్కువే. కాని అది రాత్రంతా ఉంటుంది. శాశ్వత దంతాలు వచ్చే ఆరేడేళ్ళ వయస్సు లోపే ఈ అలవాటును మెల్లగా, బుజ్జగించి మాన్పించాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

నొప్పి సంగతి కూడా ఒక మాట. తీగ మార్చిన తరువాత రెండు మూడు రోజులు నమలడం కష్టంగా ఉంటుంది. ఆ రోజుల్లో మా అమ్మాయికి గంజి, మెత్తని పప్పన్నం పెట్టాను. కొన్ని నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి. అలాంటివాటివల్ల పన్ను కదలిక మందగించడం జంతువులపై చేసిన పరీక్షల్లో కనబడింది. కాబట్టి దుకాణంలో దొరికిన మాత్ర కాక, డాక్టరు గారు చెప్పిన మాత్రే వేయండి.

అసలు బరువే లేకపోతే?

ఇది మా అత్తగారి కథ. ఆమెకు యాభై ఏళ్ళు దాటక ముందే చిగుళ్ళ జబ్బుతో పళ్ళన్నీ పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. మొదట్లో చక్కగా సరిపోయినవి కొన్నేళ్ళకు వదులయ్యాయి. మళ్ళీ చేయించారు, అవీ వదులయ్యాయి. పళ్ళు చేసినవాళ్ళకు పని రాదని ఆమె విసుక్కునేవారు.

డాక్టరు గారు ఆమె దవడను కూడా చూశారు. వదులైనది పళ్ళ కట్టు కాదు, దాని క్రింద ఎముక తరిగిపోయింది. పన్నును పట్టుకొని ఉండే ఎముక పన్ను కోసమే ఉన్నది. పన్ను పోతే ఆ పొర కూడా పోతుంది. పోగుల ద్వారా ఎముకకు చేరే లాగుడు ఆగిపోతుంది. ఆ తరుగుదలలో చాలా భాగం పన్ను తీసిన మొదటి ఏడాదిలోనే జరుగుతుంది, తరువాత కూడా మెల్లగా సాగుతూనే ఉంటుంది. పైన కూర్చున్న కట్టుడు పళ్ళు ఎముకను పోగులతో లాగలేవు, పైనుండి నొక్కగలవు అంతే. స్వీడన్ వైద్యుడు బ్రానెమార్క్ 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించి వాటిపై పళ్ళు నిలిపాడు. అవి ఎముకకు నేరుగా అతుక్కుంటాయి, మధ్యలో ఈ పొర ఉండదు. కాబట్టి వాటిని తీగతో జరపడం సాధ్యం కాదు.

బరువు మించితే కణాలు చస్తాయి, బరువే లేకపోతే ఎముక కరిగిపోతుంది. తగిన బరువు తగినంత సేపు ఉంటే కొత్త ఎముక పుడుతుంది. ఈ మూడు మాటలూ విని మా అత్తగారు, "కోడెదూడను కాడికి అలవాటు చేసినట్లే గదా" అన్నారు. తరువాత మనుమరాలిని దగ్గరకు పిలిచి, "నా పళ్ళు చూసి ఆశపడకే. ఒక్క పన్ను కూడా పీకించుకోవద్దు" అన్నారు.

పాలగ్లాసులో పన్ను

అప్పటికి ఏడాది గడిచింది. ఒక సాయంత్రం మా మరిది కొడుకు, పదేళ్ళవాడు, సైకిలు మీది నుండి బోరింగు గట్టుపై పడ్డాడు. పై వరుస ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. అందరమూ రక్తం చూసి కంగారుపడుతుండగా, మా అమ్మాయి పన్ను వెదికి తీసింది. వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకొని, కాసిని పాలతో మట్టి కడిగి, పాలగ్లాసులో వేసింది. ఎవరో దానిని గుడ్డతో శుభ్రంగా రుద్దమన్నారు. "వద్దు, వేరు మీద కణాలు చచ్చిపోతాయి" అని గట్టిగా అరిచింది. ఏడాది పాటు పెదవి విప్పడానికి సంకోచించిన పిల్ల అంతమంది మధ్య అలా అరవడం నేను మొదటిసారి చూశాను.

గంట లోపే పట్టణం చేరాము. డాక్టరు గారు పన్నును తిరిగి దాని గుంతలో నిలిపి, ప్రక్క పళ్ళకు తీగతో రెండు వారాలు కట్టి ఉంచారు. తరువాత చేయవలసిన వైద్యమూ చేశారు. ఆ పన్ను నిలిచింది. ఊడిన పన్ను వేరు మీద చిరిగిన పొర కొంత అంటుకొని ఉంటుంది. ఆ కణాలు బ్రతికి ఉంటేనే పోగులు మళ్ళీ అల్లుకుంటాయి. అవి ఆరిపోతే అరగంట నుండి గంటలోగా చనిపోతాయి. అవి చనిపోయిన పన్నును పెట్టినా ఎముక నేరుగా వేరుకు అతుక్కొని, కొన్నేళ్ళలో వేరును కొద్దికొద్దిగా తినివేస్తుంది. పాలలో కణాలు కొన్ని గంటలు బ్రతకగలవు. ఈ ఒక్క సంగతి ప్రతి తల్లీ, ప్రతి ఉపాధ్యాయుడూ జ్ఞాపకముంచుకోవాలి. అయితే ఊడినది పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు. క్రింద నుండి వచ్చే పన్నుకు హాని.

మరి రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. క్లిప్పులు వేయించే ముందు చిగుళ్ళు ఆరోగ్యంగా ఉండాలి. చిగుళ్ళ జబ్బు ఈ పొరనూ ఎముకనూ తినివేస్తుంది. జబ్బు అదుపులోకి రాకముందే పన్నును జరిపితే ఉన్న ఎముక కూడా పోతుంది. క్లిప్పులు ఉన్నన్నాళ్ళూ తీగల చుట్టూ శ్రద్ధగా తోముకోవాలి.

రెండవది, తీగ తీసివేయడంతో పని పూర్తి కాదు. వేరు చుట్టూ పోగులు మళ్ళీ సర్దుకోవడానికి మూడు నాలుగు నెలలు, చిగుళ్ళలోని పోగులకు ఏడాది వరకు పడుతుంది. అంతవరకు అవి పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి. అందుకే రిటైనర్ అనే అచ్చును డాక్టరు చెప్పినంత కాలం విడువకుండా పెట్టుకోవాలి. చాలామంది దీనిని రెండు నెలలకే పెట్టెలో పడవేస్తారు. రెండేళ్ళ శ్రమా ఖర్చూ అలా వృథా కానీయకండి.

మా అమ్మాయికి ఇరవై రెండు నెలలకు తీగ తీశారు. ఆ తరువాతి ఆదివారం ఆమె పాటల్లో మళ్ళీ ముందు వరుసలో నిలబడింది. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు రిటైనర్ పెట్టుకున్నావా అని అడిగేది నేను కాదు, వాళ్ళ నాయనమ్మ.